ఉప్పులేని విందు

వజ్రకూట దుర్గం తూర్పు వాకిట్లో ఇత్తడి సింహం ఒకటి ఉంది. మామూలు జనం వచ్చి పోతుంటే అది కళ్ళు మూసుకునే ఉంటుంది. సాక్షిదీవి నుంచి పిలుపు మోసుకొచ్చినవాడు గడప తొక్కితే మాత్రం బురుజులు అదిరేలా గర్జిస్తుంది. రాజగురువైన మాంత్రికుడు ధూమ్రజటుడు దాన్ని అలా మంత్రించి నిలబెట్టాడు.

ఆ సింహం ముందుకు నీలకేతుడు ఏనుగుల వైద్యుడి వేషంలో వచ్చాడు. భుజాన మూలికల సంచి, తలకు ముతక పాగా, కుడి ముంజేతి మీద పసుపూ వేపాకూ నూరి వేసిన మందపాటి పట్టు. ఆ పట్టు కింద శంఖం ముద్ర ఉంది. దీవి పిలుపరులందరికీ ఉండే ముద్ర అది.

అతను కుడికాలు గడప మీద మోపాడు. ఇత్తడి రెప్పలు విచ్చుకున్నాయి. గొంతులో ఏదో దొర్లినట్టయింది. సింహం గర్జించింది.

కానీ దాన్ని ఎవరూ వినలేదు. అదే క్షణాన పట్టపుటేనుగు మైనాకం గొలుసులు తెంపుకుని, ఘీంకరిస్తూ వీధిలోకి వచ్చిపడింది. సంతలో పూలగంపలు ఎగిరిపోయాయి. కావలివాళ్ళు బల్లేలు పారేసి గోడలెక్కారు. దంతాలకు తోరణాలు చుట్టుకుని, నల్లమబ్బుకు పెళ్ళి అలంకారం చేసినట్టు దూసుకొస్తున్న ఆ ఏనుగుకు నీలకేతుడు ఎదురు వెళ్ళాడు.

"హోయ్! దయ్... దయ్ దయ్!" అన్నాడు.

ఆ పిలుపు ఎప్పుడు నేర్చుకున్నాడో అతనికే తెలియదు. మాటలు రాకముందు వచ్చిన మాట అది. ఏనుగు అతని ఛాతీకి జానెడు దూరంలో ఆగి, తొండం చాచి, చెమట పట్టిన అతని మెడను ఆత్రంగా తడిమి, ఆ తొండాన్ని నోట్లో పెట్టుకుంది. నీలకేతుడు దాని నాలుక చూశాడు. పాలిపోయి ఉంది.

"దీనికి మదం కాదు, ఏమీ కాదు. ఉప్పు గడ్డ ఎవరు తీసేశారు?" అని అరిచాడు.

"నేనే తీయించాను," అని మేడ మీద నుంచి ఒక కంఠం పలికింది. ధూమ్రజటుడిది. "కోటలో ఉప్పు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది."

"నా ఏనుక్కి కూడానా గురువర్యా?" అంటూ పక్క నుంచి మరో గొంతు, పెద్ద పెద్ద అడుగుల చప్పుడుతో సహా, మెట్లు దిగి వచ్చింది. "దాని గడ్డ దానికి పడెయ్యండి. వైద్యుడా, ఇవాళ సాయంత్రం నువ్వు మా పంక్తిలో భోంచెయ్యాలి. కాదంటే ఏనుగు చేత తొక్కిస్తాను, ఏమనుకున్నావో!"

శార్దూలవర్మ మహారాజు అలా నవ్వుతూనే బెదిరిస్తాడు, బెదిరిస్తూనే భుజం తడతాడు. భుజాలు కోట తలుపులంత, బొజ్జ పూర్ణకుంభమంత. కిరీటంలో కెంపులు ఎండను కోసి నాలుగు దిక్కులా చల్లుతున్నాయి. ఆయన చెయ్యి భుజం మీద పడగానే నీలకేతుడు తల వంచుకున్నాడు. ఏనుగుకు ఎదురు నిలిచినప్పుడు వంచని తల.

వెనకటికి కలువసాగరం ఒడ్డున ఉన్న ఐదు రాజ్యాలూ ఆ నీళ్ళ కోసం తన్నుకుని, నీళ్ళు ఎర్రబడ్డాక అలసిపోయి, ఒక కట్టుబాటు చేసుకున్నాయి. సాగరం అందరిదీ. తగాదా వస్తే నడిమధ్య సాక్షిదీవిలో ఐదుగురు రాజులూ ఒకే చాప మీద కూర్చుని తేల్చుకోవాలి. ఆ సభకు సైన్యం లేదు, సంకెళ్ళు లేవు. ప్రతి రాజూ తన బిడ్డనొకణ్ణి దీవికి ఇస్తాడు. ఆ బిడ్డలే పెరిగి పిలుపరులవుతారు. పిలుపరి వచ్చి, తప్పు చేసిన రాజుతో కలిసి ఉప్పు వేసిన అన్నం తింటే చాలు, ఆ రాజు లేచి వెంట నడవాలి. ఒక పొత్తున ఉప్పు తిన్నవాడి మాట కాదనడం ఆ రోజుల్లో చావుకన్నా పెద్ద సిగ్గు. ఆ కట్టుబాటును రాతి మీద చెక్కించిందీ వజ్రకూటమే, తర్వాత అందులో సందులు వెతికిందీ వజ్రకూటమే. "ఉలి మాది, రాయి మాది. ఉలి ఎక్కడైనా అక్షరానికి లొంగుతుందా?" అని శార్దూలవర్మ తండ్రి అనేవాడట. మిగతా నలుగురు రాజులు తప్పు చేస్తే మాత్రం ఆ రాయిని అందరికన్నా గట్టిగా చదివి వినిపించేది కూడా వాళ్ళే.

కిందటి పున్నమికి శార్దూలవర్మ సాగరం మీద ఒక గీత గీయించి, దీన్ని దాటి ఎవరూ వల వెయ్యకూడదన్నాడు. కొలనుసీమ బెస్తలు ఎప్పటిలాగే దాటారు. సైనికులు పట్టుకొచ్చారు. నిండు కొలువులో రాజు మీసం దువ్వి, "నేను వెళ్ళి ఆ చాప మీద కూర్చున్న నాడే వీళ్ళు మనుషుల్లా ఇల్లు చేరేది!" అని పకపక నవ్వాడు. ఆయనది ఉత్త గొప్ప. ధూమ్రజటుడు ఆ గొప్పను గాలిలోనే పట్టుకుని మంత్రంగా బిగించాడు. బెస్తలు నీటికాకులై ఎగిరిపోయారు. సాగరం అడుగున ఉన్న రసమణి అనే మాయరత్నాన్ని వెతికి తేవడానికి అతనికి మునగగల పక్షులు కావాలి. ఆ మంత్రానికి గడువు ఇవాళే. పొద్దు గుంకేలోగా రాజు చాప మీద కూర్చోకపోతే వాళ్ళు మనిషి మాట మరిచిపోతారు. ఇక ఎప్పటికీ మనుషులు కారు.

వాళ్ళలో పోలయ్య ఉన్నాడు. దీవిలో రాత్రింబగళ్ళు ఏడ్చే ఒక పసివాణ్ణి పడవలో కూర్చోబెట్టుకుని, తెడ్డు పట్టించి, ఏడుపు మరిపించినవాడు. ఆ పసివాడే నీలకేతుడు.

విందుశాల చందనపు స్తంభాల మీద నిలిచింది. పైకప్పు నుంచి మల్లెల జాలర్లు వేలాడుతున్నాయి. బంగారు పళ్ళేలలో అరిటాకులు పరిచారు. గుమ్మడికాయ దప్పళం, పనసపొట్టు కూర, నేతిలో వేగిన కంద ముక్కలు, పప్పు మీద గడ్డకట్టని నెయ్యి, కొబ్బరికోరు చల్లిన పులిహోర. ఆవిరి లేస్తుంటే మంచులో కొండల వరుసలా ఉంది.

నీలకేతుడు మొదటి ముద్ద నోట పెట్టుకున్నాడు. మట్టి తిన్నట్టుంది.

ఓరగా చూశాడు. మహారాజు కళ్ళు మూసుకుని, కషాయం తాగే పిల్లవాడిలా ముద్ద మింగుతున్నాడు.

"ఎలా ఉంది వైద్యుడా?"

"అమృతం మహారాజా."

"నీ మొహం! అబద్ధం ఆడటం కూడా రాదు నీకు," అన్నాడు రాజు. "కందిపప్పు చూడు, కట్టెపొట్టు. పేరిందేవి లాంటి వంటగత్తె ఐదు రాజ్యాల్లో లేదు. ఆమె చేతిని ఇలా కట్టేశాం."

వడ్డిస్తున్న పేరిందేవి, జుట్టు ముగ్గుబుట్టయిన వంటశాల పెద్ద, గరిటె గిన్నెలో ఠంగున వేసింది. "కట్టేసింది ఎవరు ప్రభూ? పరదేశి ఎవడొచ్చినా ఉప్పు వెయ్యొద్దని మీరేగా. నా దప్పళం తిని నిన్న ఒక రాయబారి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మెచ్చుకుని కాదు."

అందరూ నవ్వారు. నవ్వు ఆగకముందే ధూమ్రజటుడు లేచాడు. పొగరంగు జడలు నేలను రాస్తున్నాయి. "వైద్యుడా, చేతికి ఆ పట్టు ఎందుకు? వాకిట్లో సింహం నోరు తెరిచి ఉంది. రాత్రి మూసి ఉండింది."

దాచి లాభం లేదు. నీలకేతుడు పట్టు విప్పి విస్తరి పక్కన పెట్టాడు. శంఖం ముద్ర బయటపడింది. కావలివాళ్ళ కత్తులు ఒరల నుంచి సగం బయటికొచ్చాయి.

రాజు మాత్రం గుండెల నిండా నవ్వాడు. "పిలుపరివా! ఆలస్యం చేశావు నాయనా. ఈ శాలలో ఉప్పురవ్వ లేదు. తిన్నంత తిను, పట్టుబట్టలు పెట్టి పంపిస్తాను. మేం ధర్మం తప్పం. రాతిలో ఏముంది? ఉప్పు తింటే రావాలని. తినలేదు, రాం. అంతే గదా?"

"అంతే మహారాజా. అందుకే నేను పిలవను," అన్నాడు నీలకేతుడు. "ఒక్కటి అడుగుతాను. ఉప్పులేని విందు పరాయివాళ్ళకు. ఈ ఇంటి బిడ్డకు కూడానా?"

"ఇంటి బిడ్డ ఎవడు?"

"ఈ కోట నుంచి దీవికి వెళ్ళినవాడు."

పేరిందేవి గరిటె కింద పెట్టి అతని ముఖంలోకి చూసింది.

దీవికి బిడ్డనివ్వాల్సిన ఏడు శార్దూలవర్మకు తన కన్నబిడ్డల్లో ఎవణ్ణీ వదలబుద్ధి కాలేదు. మంత్రులు దారి చూపారు. ధర్మం బిడ్డనివ్వమంది గానీ కన్నబిడ్డనే ఇమ్మనలేదు. గజశాలలో ఒక మావటివాడు జ్వరంతో పోయాడు, వాడి పసివాడు గడ్డివాములో పడుకుంటున్నాడు. పొద్దున శాస్త్రోక్తంగా దత్తత, సాయంత్రం పడవ. అక్షరం ఎక్కడా చెదరలేదు. ఆ తంతులో భాగంగా రాజు ఆ పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని తన చేత్తో నాలుగు ముద్దల పెరుగన్నం, మామిడికాయ ముక్క నంజుపెట్టి, తినిపించాల్సి వచ్చింది. ఆకలి మీదున్న పిల్లవాడు ముద్దతోపాటు రాజు వేలు కూడా కొరికాడు.

శార్దూలవర్మ చూపుడువేలు పైకెత్తి చూసుకున్నాడు. కణుపు మీద తెల్లటి మచ్చ.

"దీన్ని చూపించి నా కొడుకులకు ఎన్నిసార్లు చెప్పానో," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "నా బిడ్డల్లో పళ్ళున్నవాడు వాడొక్కడేరా అని." తర్వాత నీలకేతుడి కేసి తిరిగాడు. "నువ్వటరా?"

నీలకేతుడు తల ఊపాడు. వాదం గెలవడానికి వచ్చానని అనుకున్నాడు. ఆ "రా" అన్న ఒక్క అక్షరం కోసం వచ్చాడని ఇప్పుడే తెలిసింది. ఆ సంగతి తెలియడం కూడా ఇష్టం లేక గబగబా అన్నాడు: "పొద్దు గుంకితే బెస్తలు మాట మరిచిపోతారు. మీరు వచ్చి చాప మీద కూర్చుంటే..."

"పొద్దు గుంకితేనా!" రాజు లేచాడు. "గురువర్యా, పండగకి మళ్ళీ మనుషుల్ని చేస్తానని మాటిచ్చారే?"

ధూమ్రజటుడు ఆ ప్రశ్నను పక్కకు నెట్టి మెత్తగా అన్నాడు: "ఒక్క మాట చాలు ప్రభూ. 'వీడు నా కొడుకు కాదు, ఆ దత్తత ఉత్త తంతు' అనండి. రాజబిడ్డ కానివాడు పిలుపరి కాడు. వీడి నోటి నుంచి వచ్చేదంతా గాలి."

"అప్పుడు వజ్రకూటం దీవికి బిడ్డనే ఇవ్వలేదని ఒప్పుకున్నట్టు," అన్నాడు నీలకేతుడు.

"ఒప్పుకుంటే ఏం పోయింది? మనల్ని అడిగే మొనగాడు ఎవడున్నాడు?"

అది రాజు సొంత మాటే. కొలువులో రోజూ ఆయన అనేదే. ఇప్పుడు మాంత్రికుడి నోట వినగానే, తన అంగీ ఇంకొకడి ఒంటి మీద చూసి అది ఇంత మాసిపోయిందా అని కంగారుపడ్డవాడిలా అయ్యాడు.

"పేరిందేవీ! ఉప్పు తీసుకురా!"

"ఇన్నాళ్ళకి!" అంటూ ముసలామె పరుగెత్తి జాడీ తెచ్చింది. రాజు చెయ్యి ముంచబోతుండగా ధూమ్రజటుడు కమండలం ఎత్తి గర్జించాడు: "ఈ కోటలో మనుషులు తినే ఉప్పంతా బూడిదౌగాక!"

జాడీలో నల్లటి బూడిద మిగిలింది. వంటశాలలో కుండలు పేలిన చప్పుడు. పెరట్లో ఊరగాయ బానలు బుసబుస పొంగి బూడిద కక్కాయి. "నా మాగాయ!" అని పేరిందేవి కూలబడింది.

నీలకేతుడు ఆ మంత్రంలో ఒక మాట పట్టుకున్నాడు. మనుషులు తినే ఉప్పు. వెంటనే రాజు చెయ్యి పట్టుకున్నాడు. "మహారాజా, పరుగెత్తగలరా?"

"ఎక్కడికి?"

"మైనాకం దగ్గరికి. ఏనుగు మనిషి కాదు గనక దాని ఉప్పు మిగిలే ఉంటుంది!"

రాజుకు అర్థమై, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వు మొదలుపెట్టాడు. నవ్వుతూనే తన విస్తరిని అన్నంతో సహా మడిచి చంకన పెట్టుకుని పరుగు లంకించుకున్నాడు. వెనక ధూమ్రజటుడి జడలు ఊడి పొగపాములై వెంటపడ్డాయి. ఒకటి స్తంభాన్ని చుట్టి పిండి చేసింది. ఇంకొకటి రాజు ఉత్తరీయం అందుకుంది. ఆయన దాన్ని వదిలేసి, కిటికీలోంచి గడ్డివాము మీదికి దూకాడు. నీలకేతుడు ఆయన మీద పడ్డాడు.

"చచ్చాన్రా నాయనా! పిలుపరివా, బండరాయివా?"

గజశాలలో మైనాకం తన ఉప్పు గడ్డను తీరిగ్గా నాకుతోంది. రాజు మొలలో బాకు తీసి ఒక పెచ్చు కొట్టబోతే తొండంతో ఆయన చెయ్యి మీద ఫెడీమని వేసింది.

"ఓరి లోభీ! నేను పెట్టిన గడ్డే గదరా!"

"దయ్ దయ్," అన్నాడు నీలకేతుడు. ఏనుగు చెవులు ఆడించి, అతని కోసం మాత్రం పక్కకు తప్పుకుంది.

రాజు పెచ్చును పిడికిట్లో నలిపి అన్నంలో కలిపాడు. ముద్ద చేసి ముందు తను నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూతలు పడ్డాయి. "ఆహాహా!" అన్నాడు, ఒక రాజ్యం గెలిచినప్పుడు కూడా ఆయన నోట ఎవరూ అలాంటి మాట విని ఉండరు. రెండో ముద్ద చేసి నీలకేతుడి నోటి ముందు పెట్టాడు.

"ఈసారి కొరక్కు."

నీలకేతుడు కొరక్కుండా ఆ ముద్ద అందుకుని తిన్నాడు.

"పిలువు మరి!" అన్నాడు రాజు, తల పక్కకు తిప్పుకుని.

"సాక్షిదీవి మిమ్మల్ని పిలుస్తోంది మహారాజా."

"వస్తున్నాను. వాళ్ళు భయపెడితే కాదని చెప్పు అక్కడ. నాకు రావాలనిపించి వస్తున్నానని చెప్పు."

"ఏనుగెక్కండి ముందు!"

మైనాకం ఇద్దర్నీ వీపున వేసుకుని రేవు ద్వారం కేసి పరుగు తీసింది. ద్వారం మూసి ఉంది. బురుజు మీద కోటకాపరి మల్లడు చేతులు జోడించి నిలబడ్డాడు.

"తియ్యరా తలుపు!" అని రాజు అరిచాడు.

"తియ్యలేను ప్రభూ! పిలుపరి వెంట రాజు వెళ్తుంటే తలుపు తియ్యొద్దని మీ ఆజ్ఞ."

"ఆ ఆజ్ఞ నేనే రద్దు చేస్తున్నాను!"

"'నేను రద్దు చేసినా రద్దు కాదు' అని కూడా మీరే చాటించారు ప్రభూ. మీ మీద మీకే నమ్మకం లేదని ఆరోజే అనుకున్నాను." మల్లడి గొంతు ఏడుపూ నవ్వూ కలిసి ఉంది. "ఏం చెయ్యమంటారు? మీ మాట వింటే మీ మాట తప్పినవాణ్ణవుతాను!"

రాజు వంగి నీలకేతుడి చెవిలో అన్నాడు: "ఎంత తెలివిగా కట్టుకున్నాన్రా నన్ను నేను!" తర్వాత మల్లడికి వినిపించేలా గట్టిగా: "మల్లా! తలుపు తియ్యొద్దన్నాను గానీ ఏనుగును ఆపమన్నానా?"

మల్లడు ఆజ్ఞలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "ఆ మాట లేదు ప్రభూ!" అని ఒక్క గెంతులో పక్కకు దూకాడు. మైనాకం కుంభస్థలం వంచింది. ఇనుప గడియలు పేకముక్కల్లా ఎగిరాయి.

రేవులో నీలకేతుడి పడవ కట్టి ఉంది. ఏనుగు ఒడ్డున నిలబడి, వెంటపడుతున్న పొగపాములను తొండంతో నీళ్ళు చిమ్మి చెదరగొడుతుంటే, ఇద్దరూ పడవెక్కి తాడు కోశారు. సాగరం నిండా కలువలు విచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాయి. పడమట సూర్యుడు తాటిచెట్టెత్తున ఉన్నాడు. దూరంగా సాక్షిదీవి మీద సభామంటపం తెల్లగా కనిపిస్తోంది.

"ఒరేయ్," అన్నాడు రాజు పడవ అంచు పట్టుకుని, "ఆ చాప... దాని మీద దిండు వేసుకోనిస్తారా?"

"వేసుకోనివ్వరు."

"కొలనుసీమ రాజు నాకు పక్కనేనా? వాడు నా మోచేతి దాకా రాడే!"

"కూర్చుంటే అందరూ ఒకే ఎత్తు మహారాజా."

ఇంతలో ఒక నీటికాకి వచ్చి పడవ ముక్కు మీద వాలింది. తడిసిన రెక్కలు చాచి, మెడ వంకరగా తిప్పి, నీలకేతుడి కేసి చూసింది. ముక్కు తెరిచింది.

"నీ... నీలా... తె... తెడ్డు..."

ఇంకో మాట కోసం ఆ గొంతు పెనుగులాడింది. దొరకలేదు. కర్ర్‌మని కాకి కూత వచ్చింది. తన గొంతులోంచి వచ్చిన ఆ కూతకు అదే భయపడి ముడుచుకుంది.

"పోలన్నా! మరిచిపోకు, కాసేపు ఓపిక పట్టు!" అని నీలకేతుడు తెడ్డు మీద పడ్డాడు.

శార్దూలవర్మ ఆ పక్షి దగ్గరగా వంగి చూశాడు. కొలువులో నవ్విన రోజు ఆయన ఈ బెస్తల ముఖాలు చూడలేదు. చూసి ఉంటే గుర్తుండేవి. ఆయన ముఖాలు మరిచిపోయే మనిషి కాదు.

అప్పుడు ఒడ్డు నుంచి ధూమ్రజటుడి నవ్వు వినిపించింది. ఎదురుగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, నీటి మీద మంట లేచింది. రాజు గీయించిన గీత అది. దాటినవాణ్ణి కాల్చమని ధూమ్రజటుడు ఇప్పుడే దానికి మంత్రం వేశాడు, వాడు ఎవడన్నది ఆ మంత్రానికి అక్కర్లేదు. కలువాకులు చిటపటమంటూ ముడుచుకుపోతున్నాయి. వేడికి పడవ ముందు చెక్క పొగ కక్కింది. సూర్యుడు ఇంకో మెట్టు దిగాడు.

శార్దూలవర్మ కిరీటం తీసి పడవ అడుగున పడేశాడు. అంగీ విప్పి నీళ్ళలో ముంచి, నీటికాకిని అందులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండో తెడ్డు అందుకుని, తిరగేసి, మళ్ళీ తిరగేసి చూశాడు.

"ఇది ఎలా పట్టాలిరా?"

"నేను పట్టినట్టే, నాన్నా," అన్నాడు నీలకేతుడు.

రెండు తెడ్లూ ఒకేసారి నీళ్ళలో పడ్డాయి. పడవ మంట మీదికి దూసుకుపోయింది.